వెనక చక్రం నట్టు

ఆ నట్టు ఊడితే దాసు నిజం చెప్పాడో, అబద్ధం చెప్పాడో తేలిపోతుంది. విరిగిపోతే ఇక ఎప్పటికీ తేలదు.

చూస్తే బొటనవేలి గోరంత ఉంటుంది. కారు వెనక చక్రానికి లోపలి వైపు, బ్రేకు పైపు వచ్చి చక్రంలోకి దిగే చోట ఉంది. వాన జల్లుకీ, పశువుల పాక తేమకీ తుప్పు పట్టి, నట్టు ఎక్కడ మొదలైందో పైపు ఎక్కడ ఆగిందో తెలియకుండా ఒకే ఎర్ర ముద్దగా తయారైంది. రామ్మూర్తి గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని దాని వంక చూస్తున్నాడు. చాలా సేపటి నుంచీ చూస్తున్నాడు. కోపం లేదు, ఆత్రం లేదు. ఈ మధ్య అతనికి ఏదీ ఉండడం లేదు.

"ఒరే, అందులోనే నిద్రపోయేవేట్రా?" పాక బయట నుంచి అప్పయమ్మ కేకేసింది. "అంబలి అట్టలు కట్టేస్తంది. మనిషివా పందికొక్కువా, ఆ కన్నంలో దూరి ఉండిపోడానికి?"

"వస్తన్నానప్పా."

"వస్తన్నానంటావు, రావు. ఉగాదెల్లిన కాణ్ణించీ వస్తన్నావు."

అప్పయమ్మ అతని అక్క. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసి, తల్లి లేని తమ్ముళ్ళిద్దరినీ తనే పెంచింది. పెద్దవాడు రామ్మూర్తి చోడవరం పంచదార ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర గుమస్తా. చిన్నవాడు దాసు. దాసు పేరు ఈ ఇంట్లో మంచిమాటగా వినబడి రెండేళ్ళు దాటింది.

రెండేళ్ళ కిందట, ఫ్యాక్టరీలో చెరుకు జోరుగా ఆడుతున్న రోజుల్లో, దాసు ఈ కారులోనే వదినని తీసుకుని వడ్డాది నుంచి వస్తున్నాడు. వదినంటే చిన్నమ్మి, రామ్మూర్తి భార్య. వడ్డాదిలో ఆవిడ పినతల్లి ఇంట్లో పెళ్ళి. తిరిగొచ్చే వేళకి చోడవరం పొలిమేరలో చెరుకు బళ్ళు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. బండివాళ్ళు ఎడ్లు విప్పుకుని, రోడ్డు పక్కనే రాళ్ళు పేర్చి వంటలు చేసుకుంటున్నారు. కారు ఆగలేదు. దాసు కారుని ఎడమ పక్కకి తిప్పేశాడు. కారు వెళ్ళి కల్వర్టు గోడని గుద్దుకుంది. బండివాళ్ళలో ఒక్కడి ఒంటి మీద గీత పడలేదు. దాసుకి చెయ్యి విరిగింది. ఎడమ సీట్లో ఉన్న చిన్నమ్మి ఆసుపత్రి దాకా కూడా రాలేదు.

"బ్రేకు తొక్కేను, పట్టలేదు" అన్నాడు దాసు. ఆ మాట పోలీసులకి చెప్పాడు, అన్నకి చెప్పాడు, చేతికి కట్టు కట్టిన కాంపౌండరుకి కూడా చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పెళ్ళిలో మగవాళ్ళందరూ తాగారు. దాసు ఒక్కడూ తాగలేదంటే నమ్మేదెవరు? కారు ముందు భాగం నుజ్జయింది. ముందు బ్రేకు పైపులు తెగి ఆయిలంతా రోడ్డు పాలైంది. బ్రేకులు గుద్దక ముందు పోయాయా, గుద్దాక పోయాయా? చూడవచ్చిన అధికారి రెండుసార్లు కారు చుట్టూ తిరిగి, ప్రమాదం అని రాసుకుని వెళ్ళిపోయాడు.

అప్పయమ్మ మాత్రం అక్కడే తేల్చేసింది. "తాగి తోలేడు. బంగారంలాంటి పిల్లని పొట్టనెట్టుకున్నాడు. ఆడి మాట నిజమని తేలేదాకా ఈ ఇంట్లో ఆడికి మెతుకు పెట్టను."

దాసు విశాఖపట్నం బస్సెక్కాడు. షిప్‌యార్డులో పనికి కుదిరాడు. పెళ్ళి సంబంధాలు వచ్చేవి. వచ్చినవాళ్ళు చోడవరంలో వాకబు చేసి వెనక్కి పోయేవాళ్ళు.

రామ్మూర్తి ఏమీ అనలేదు. చిన్నమ్మి పోయిన రోజున కూడా అతను ఏడవలేదు. కర్మకాండ కాగానే వెళ్ళి కాటా దగ్గర కూర్చున్నాడు. బండి ఎక్కేది, తూకం రాసుకునేవాడు. బండి దిగేది, మరో బండి ఎక్కేది. దెబ్బ తగిలిన చోట తిమ్మిరెక్కుతుంది చూశారూ, ఆ తిమ్మిరి అతనికి మనిషంతా ఎక్కి, మళ్ళీ దిగలేదు. తమ్ముడి గురించి ఎవరైనా అడిగితే "తెలీదు" అనేవాడు. నిజంగానే తెలీదు. నమ్మాలనీ అనిపించేది కాదు, నమ్మకూడదనీ అనిపించేది కాదు.

కారు వాళ్ళ తండ్రిది. విశాఖపట్నంలో ఓ డాక్టరు వాడి వాడి వదిలేసిన పాత మోరిస్‌ని ముచ్చటపడి కొన్నాడు. ప్రమాదం తర్వాత ఎడ్లు కట్టి లాక్కొచ్చి పశువుల పాకలో పడేశారు. వెనక సీటు కోళ్ళ పాలైంది. ఈ ఏడు ఫ్యాక్టరీలో చెరుకు ఆడడం అయిపోయాక, ఓ పొద్దున్న రామ్మూర్తి వెళ్ళి కోళ్ళని తోలేసి, దాని మీది గోనెలు తీశాడు. ఎందుకు తీశావంటే అతను చెప్పలేడు. చేతులకి పని లేదు, తీశాడు. నొక్కుకుపోయిన రేకులు కొట్టి సరిచేశాడు. ఇంజను విప్పి కడిగాడు. డ్రైవరు కాళ్ళ కింద ఉండే బ్రేకు ఆయిలు డబ్బా కూడా విప్పి కిరసనాయిలుతో తళతళలాడేలా కడిగి ఎండబెట్టాడు.

ఎండబెట్టాక గుర్తొచ్చింది, అది కడక్కుండా ఉండవలసిందని. ఆ రోజు బ్రేకుల్లో ఏముందో చెప్పే ఆనవాలు ఒకటి కిరసనాయిలుతో పాటు నేల పాలైపోయింది.

కానీ వెనక చక్రాలున్నాయి. వాటికి దెబ్బ తగల్లేదు, వాటిని ఎవరూ విప్పలేదు. ఒక్కో చక్రంలో చిన్న ఇనుప సిలిండరు ఉంటుంది. అందులో రబ్బరు బిళ్ళలు. కాలితో తొక్కితే ఆయిలు వచ్చి ఆ బిళ్ళల్ని నెడుతుంది, బ్రేకు పడుతుంది. బిళ్ళలు బాగుంటే బ్రేకు పట్టి ఉండాలి. అంటే దాసు అబద్ధం చెప్పాడు. బిళ్ళలు పాడైపోయి ఉంటే దాసు చెప్పింది నిజం. అప్పుడు తప్పు కారు చూసుకునేవాడిది. ఆ కారు చూసుకున్నది రామ్మూర్తే.

సిలిండరు బయటికి రావాలంటే పైపు నట్టు ఊడాలి.

స్పానరు వేస్తే నట్టు అంచులు అరగడం మొదలైంది. గట్టిగా తిప్పితే నట్టుతో పాటు పైపూ మెలి తిరుగుతోంది. ఇంకో పట్టు పడితే పుటుక్కుమంటుంది. ఏ మెకానిక్కునడిగినా మంట పెట్టి కాల్చమంటాడు. కాలిస్తే లోపలి రబ్బరు ఉడికిపోతుంది. అప్పుడు అది ఇప్పుడు పాడైందో అప్పుడు పాడైందో ఆ దేవుడే చెప్పాలి. పైపు కోసేద్దామా అంటే ఈ పాత కారు పైపు మళ్ళీ విశాఖపట్నంలో కూడా దొరకదు. పైగా "కోసి లోపల ఏదో సేసేర్రా మీరు" అనడానికి ఇంట్లో అప్పయమ్మ ఉంది.

రామ్మూర్తికి ఫ్యాక్టరీలో మడ్డి గుంట గుర్తొచ్చింది. పంచదార తీసేశాక మిగిలే నల్లటి పాకాన్ని మడ్డి అంటారు. ఆ గుంటలోకి ఓ గొలుసు వేలాడుతూ ఉంటుంది. మడ్డిలో మునిగినంత మేరా అది వెండి గొలుసులా మెరుస్తుంది. పైనంతా తుప్పే.

అతను మర్నాడే ఓ డబ్బా పట్టుకెళ్ళి మడ్డి అడిగి తెచ్చుకున్నాడు. బస్సుల దగ్గర కండక్టరు పెదబాబు అడ్డం తగిలాడు.

"ఏటి గుమస్తాగారూ, మడ్డే! సారా కాస్తన్నారేటి? మొదటి సుక్క నాకే సుమండీ."

"తుప్పుకి."

"ఏ తుప్పుకి? కడుపులో తుప్పుకా?"

పెదబాబు పగలబడి నవ్వాడు. రామ్మూర్తి నవ్వలేదు. "నువ్వు రోజూ విశాపట్నం ఎల్తావు కదా, మా దాసుకో మాట సెప్తావా?"

పెదబాబు నవ్వు ఠక్కున ఆగింది. ఈ మనిషి నోట ఆ పేరు విని ఎన్నాళ్ళయిందో అతనికీ తెలుసు. "ఏటి సెప్పమంటారు?"

"కారు వెనక నట్టు ఇప్పుతన్నాను, వచ్చే ఆదివారం రమ్మన్నానని. ఇంకేం సెప్పక్కర్లేదు."

నిజానికి రెండో చెయ్యి కావాలంటే వీధిలో ఎవర్ని పిలిచినా వస్తారు. కానీ అది విప్పేటప్పుడు దాసు ఎదురుగా ఉండాలనిపించింది. బాగున్నా, పాడైనా, వాడి కళ్ళ ముందే తేలాలి. చాలా రోజుల తర్వాత రామ్మూర్తికి ఏదైనా అనిపించిందంటే అదొక్కటే.

గుడ్డ పేలికలు మడ్డిలో ముంచి నట్టు చుట్టూ కట్టాడు. ఎండిపోకుండా పొద్దునా సాయంత్రం కాసిని నీళ్ళు కలిపి మళ్ళీ తడిపాడు. రెండో రోజుకి చీమలు పట్టాయి. మూడో రోజుకి పాక గుంజ నుంచి కారు చక్రం దాకా నల్లటి బారు కట్టాయి.

"సోడవరం సీమలన్నిటికీ సంతర్పణ సేస్తన్నావేట్రా?" అంది అప్పయమ్మ చీపురుతో బారుని చెదరగొడుతూ. "రేపు ఆటిని కూకోబెట్టుకుని షికారు తిప్పుతావా?"

"ఆదివారం దాసు వస్తన్నాడప్పా."

చీపురు ఆగింది. అప్పయమ్మ అతని వంక చూడలేదు. చీమల వంకే చూసింది.

"నువ్వు పిలిసేవా?"

"ఊఁ."

"పాక దాకానే. గుమ్మం ఎక్కితే ఊరుకోను. సెప్పు ఆడికి."

ఆదివారం దాసు మొదటి బస్సుకే దిగాడు. చిక్కిపోయాడు. విరిగి అతికిన చెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంకరగా ఉండిపోయింది. వీధరుగు మీద బియ్యం చెరుగుతున్న అప్పయమ్మ అతన్ని చూసి చేట పట్టుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. దాసు ఆ తలుపు వంక ఓసారి చూసి, తిన్నగా పాకలోకి వచ్చాడు.

"వచ్చేవా?" అన్నాడు రామ్మూర్తి.

"వచ్చేను."

"తిన్నావా?"

"బస్సు దిగి టీ తాగేను."

అంతే. రెండేళ్ళకి సరిపడా మాటలు అక్కడితో అయిపోయాయి. దాసు సంచీలోంచి ఓ రింగు స్పానరు తీశాడు. దాని గుండ్రానికి ఓ పక్క సన్నగా కోత కోసి ఉంది. ఆ కోతలోంచి పైపుని దూర్చి నట్టు మీదికి తోస్తే, నట్టుని అన్ని పక్కలా పట్టుకుంటుంది, అంచులు అరగవు.

"షిప్‌యార్డులో సేయించేను" అన్నాడు. "పెదబాబు నట్టు అన్నాడు. ఏ నట్టో నాకు తెలుసు."

ఇద్దరూ కారు కిందికి దూరారు. రామ్మూర్తి పేలికలు విప్పాడు. నల్లటి జిగురు నీళ్ళతో కడిగేసరికి ఎర్ర ముద్ద పోయింది. కింద నట్టు ఆరు పలకలూ బూడిద రంగులో బయటపడ్డాయి. పైపు వేరు, నట్టు వేరు. మధ్యలో వెంట్రుకంత సందు.

"నువ్వు పైపు పట్టుకో, మెలి తిరక్కుండా" అన్నాడు రామ్మూర్తి.

దాసు పట్టకారుతో పైపుని పట్టుకున్నాడు. రామ్మూర్తి స్పానరు ఎక్కించి, విప్పే వైపు కాదు, ముందు బిగించే వైపు కొద్దిగా నొక్కాడు. పట్టిన తుప్పు కదలాలంటే ముందు అటే కదపాలి. నట్టు కదల్లేదు. సుత్తి పిడితో స్పానరు మీద తట్టాడు. మళ్ళీ నొక్కాడు. చెమట కంట్లో పడింది. తుడుచుకోలేదు.

"అన్నియ్యా."

"ఊఁ."

"రబ్బరు బాగుందనుకో. నన్నేటి సేస్తావు?"

"తెలీదు."

"కొట్టవా?"

"తెలీదురా."

"ఆ రోజు నువ్వు కొడతావనుకున్నాను. ఆసుపత్రి వరండాలో. కొడితే బాగుణ్ణనిపించింది. నువ్వు నా కట్టు సూసి, నెప్పిగా ఉందా అనడిగేవు." దాసు గొంతు దగ్గరగా, చీకట్లోంచి వినబడింది. "అంతకన్నా పీక పిసికేస్తే సుఖంగా ఉండేది."

అలా అడిగినట్టు రామ్మూర్తికి గుర్తులేదు. మళ్ళీ బిగించే వైపు నొక్కాడు.

టక్.

చిన్న చప్పుడు. ఎండుకొమ్మ విరిగినట్టు. విరిగిందా? రామ్మూర్తి స్పానరు మెల్లిగా విప్పే వైపు తిప్పాడు. నట్టు తిరిగింది. పైపు కదల్లేదు. నట్టు ఒక్కటే తిరిగింది.

"ఊడింది" అన్నాడు.

దాసు పట్టకారు వదిలేసి కళ్ళు మూసుకున్నాడు.

ఆ తర్వాత పని తొందరగా నడిచింది. పైపు పక్కకి తప్పుకుంది. సిలిండరు బిగించిన మరలు తీసి, దాన్ని బయటికి లాగి, ఎండలోకి పట్టుకొచ్చారు. పాక ముందు ఓ పాత పళ్ళెం పెట్టి, రామ్మూర్తి సిలిండరుని చెక్క మీద తట్టాడు. ఓ తట్టు, ఇంకో తట్టు. లోపలివి జారి పళ్ళెంలో పడ్డాయి.

రబ్బరు బిళ్ళలు రెండూ ఉబ్బిపోయి ఉన్నాయి. రాత్రంతా నీళ్ళలో నానిన శెనగల్లా మెత్తగా పొంగి, అంచులు మడతపడిపోయి, వేలితో నొక్కితే చితికిపోతున్నాయి. వాటి వెనక నుంచి గోధుమరంగు జిడ్డు తీగలా సాగుతూ కారింది. ఇలాంటి బిళ్ళలు ఆయిల్ని ఆపలేవు. కాలితో తొక్కితే కాలు నేల దాకా దిగిపోతుంది.

"సూసేవా?" దాసు పళ్ళెం మీదికి వంగాడు. "సూసేవా అన్నియ్యా? తొక్కేను. రెండుసార్లు తొక్కేను. నేను తాగలేదు అన్నియ్యా. వదినతో పందెం కూడా ఏసేను, తాగనని."

అతను నేల మీద చతికిలబడి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. రామ్మూర్తి నిలబడే ఉన్నాడు. తమ్ముడి వీపు మీద చెయ్యి వెయ్యాలని అతనికి తెలుసు. చెయ్యి అలా వేలాడుతూనే ఉంది. కాస్సేపటికి అతను పళ్ళెం ఎత్తి మొహం దగ్గర పెట్టుకున్నాడు.

బ్రేకు ఆయిలు వాసన అతనికి బాగా తెలుసు. ముక్కుని గుచ్చుతుంది. ఇది అది కాదు.

"దాసూ, ఇది వాసన సూడు."

దాసు కళ్ళు తుడుచుకుని వేలితో జిడ్డు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ చూశాడు. అతని మొహం మారిపోయింది.

"నూనె. ముక్కిపోయిన నువ్వుల నూనె. అది తగిల్తే రబ్బరు ఇలాగే ఉబ్బిపోతాది." అన్న వంక తలెత్తి చూశాడు. "నేను పొయ్యలేదు."

"నాకు తెలుసు. నేనూ పొయ్యలేదు."

ఇద్దరూ ఒకేసారి ఇంటి వైపు చూశారు. తలుపు ఇంకా వేసే ఉంది.

ఆ ఇంట్లో దసరాకి ఆయుధపూజ అప్పయమ్మదే. చెరుకు గానుగా, బండీ, నాగలీ, కత్తిపీటా, కొడవలీ, దేన్నీ వదిలిపెట్టదు. కడిగి, నూనె పెట్టి, పసుపూ కుంకుమా అద్ది, దండం పెట్టాకే తను తినేది. రామ్మూర్తి పళ్ళెంలోది కిరసనాయిలు డబ్బాలో ఒంపేసి, చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి నడిచాడు. దాసు వెనకే వెళ్ళి చేద వేశాడు.

తలుపు తెరుచుకుంది. అప్పయమ్మ గుమ్మంలో నిలబడింది. ఎంతసేపని ఆగుతుంది?

"ఏటి తేలింది?" దాసుని చూడకుండా అడిగింది.

"సెప్తాను. అప్పా, చిన్నమ్మి పోయిన ఏడు, దసరాకి కారుకి పూజ సేసేవా?"

"సెయ్యకేం? ఏ ఏడు మానేను?"

"నూనె ఎక్కడ రాసేవు?"

"రాయడమేట్రా, పోసేను!" అప్పయమ్మ మొహం వెలిగింది. పూజల సంగతి ఎత్తితే ఆవిడ కోపం కూడా కాస్సేపు పక్కకి తప్పుకుంటుంది. "ఆ ఏడు మన నువ్వులు మనమే ఆడించేం కదా, కుండడు నూనె వచ్చింది. గానుక్కి పోసేను, బండి ఇరుసుకి పోసేను. కారుకేం తక్కువ? నీ కాళ్ళ కింద పట్టా ఎత్తితే సిన్న మూతుంటాది సూడు, నువ్వు తీసి పోస్తంటే ఓపాలి సూసేను. తీసేను. అడుగంటిపోయుంది. పాపం ఎన్నాళ్ళ దాహం మీదుందో అనుకుని నిండా పోసి, మూతెట్టి, బొట్టెట్టేను. చిన్నమ్మి పక్కనే ఉంది. వదినా, కారుకి తలంటుతన్నావా అని ఒకటే నవ్వు." ఆవిడ పైటకొంగుతో కళ్ళొత్తుకుంది. "ఎందుకడుగుతన్నావు?"

చేద తాడు దాసు చేతుల్లో బిగుసుకుంది. నీళ్ళు నిండిన చేద నూతి మధ్యలో ఆగిపోయింది.

రెండేళ్ళు. ఊరంతా తాగుబోతన్నారు. వదినని చంపాడన్నారు. ఈవిడ అందరికన్నా గట్టిగా అంది. ఒక్క మాట చాలు. ఆ మాట అనే హక్కు ఈ లోకంలో దాసుకే ఉంది. అతని పెదవులు కదిలాయి.

"బ్రేకు పట్టలేదప్పా" అన్నాడు రామ్మూర్తి. తూకం చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా అన్నాడు. "దాసు సెప్పింది నిజం. ఆయిలు పాడైపోయింది, లోపల రబ్బరు పాడైపోయింది. కారు సూసుకోవలసినోణ్ణి నేను. సూసుకోలేదు."

అందులో అబద్ధం పెద్దగా లేదు. దసరా తర్వాత ఆ మూత అతను తీసి చూసి ఉంటే కనబడేది. చెరుకు బళ్ళ రోజులు, తీరిక లేదు. తియ్యలేదు.

అప్పయమ్మ అతని వంక చూసింది. తర్వాత దాసు వంక చూసింది. రెండేళ్ళలో మొదటిసారి.

"అయితే దాన్ని సంపింది నువ్వా?" అంది రామ్మూర్తితో.

"ఊఁ."

"నువ్వా? దాని మొగుడివి నువ్వా? నీ కారు నువ్వు సూసుకోకపోతే, నేను ఈ ఎర్రి గుంటణ్ణి..." మాట పూర్తి కాలేదు. రెండు చేతులతో తల బాదుకుంది. "ఓలమ్మా! ఆడిని కుక్కని తోలినట్టు తోలేను. ఒరే దాసూ! ఒరే నాయినా!"

దాసు చేద పైకి లాగాడు. గట్టు మీద పెట్టాడు.

"ఊరుకో అప్పా."

"కాళ్ళు కడుక్కో. లోపలికి రా. రా నాయినా."

పీటలు వేసింది. విస్తళ్ళు పరిచింది. వంకాయ పులుసు, వేడన్నం. దాసు విస్తట్లో అన్నం కొండలా పోసింది. రామ్మూర్తి విస్తట్లో గరిటెడు విదిలించి వెనక్కి తిరిగింది. దాసు ముద్ద కలిపాడు గాని నోట్లో పెట్టుకోలేదు.

"అప్పా" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏటి నాయినా?"

అతను అన్న వంక చూశాడు. రామ్మూర్తి తల వంచుకుని తింటున్నాడు. తింటున్నది ఏమిటో చూసుకోకుండా తింటున్నాడు. ముద్ద పెట్టుకోవడం, మింగడం.

"ఏటి కావాలి? సెప్పు."

"కొంచెం పులుసెయ్యి" అన్నాడు దాసు.

భోజనాలయ్యాక పాకలోకి వచ్చి, అన్న పక్కన గోనె మీద కూచున్నాడు దాసు. కోపంగానే కూచున్నాడు.

"నువ్వెందుకు నెత్తినేసుకుంటావు? అదెంత బరువో నీకు తెల్దు. రెండేళ్ళు మోసినోణ్ణి నేను సెప్తన్నాను. పొద్దున్న లేస్తే అదే. కూడు ముందర కూకుంటే అదే."

"నాకు తగల్దురా."

"ఏటి తగల్దు?"

"ఏదీ తగల్దు. అప్ప అన్నాది కదా ఇందాకా, నువ్వు సంపేవని. ఎవర్నో అన్నట్టుంది." రామ్మూర్తి ఆగి, మాటలు వెతుక్కుంటున్నట్టు స్పానరు అటూ ఇటూ తిప్పాడు. "అప్పకి అలాక్కాదు. ఆవిడికి తగుల్తాది. పూజ సేసిన సెయ్యే పీక నులిమిందని తెలిస్తే ఆవిడ ఈ వారం దాటదు. నా దగ్గరైతే అది ఊరికే పడుంటాది."

దాసు కారులో డ్రైవరు సీటు వైపు చూశాడు.

"మళ్ళీ దసరా వస్తాది" అన్నాడు. "మళ్ళీ మూత తీస్తాది."

"పైన రేకు ముక్కెట్టి మరలు బిగించేస్తాను."

"ఎందుకురా అని అడుగుతాది."

"వాన నీళ్ళు దిగుతన్నాయంటాను."

అప్పయమ్మ వస్తోంది. చేతిలో రెండు మజ్జిగ గ్లాసులు. ఒకటి దాసు చేతికి అందించి, తాగేదాకా పక్కనే నిలబడి, వంకర మోచేతిని వేళ్ళతో తడిమి చూసింది. "ఎవడు కట్టేడ్రా ఈ కట్టు? ఆడి సెయ్యి పడిపోను" అంది. ఖాళీ గ్లాసు పుచ్చుకుంది. రెండో గ్లాసుని రామ్మూర్తికి అందనంత దూరంలో, గుంజ మొదట నేల మీద పెట్టి వెళ్ళిపోయింది.

దాసు లేచి ఆ గ్లాసు అందివ్వబోయాడు. రామ్మూర్తి వద్దని చెయ్యి చూపించి, తనే వెళ్ళి, వంగి తీసుకుని, నిలబడి మొత్తం తాగేశాడు. గ్లాసు అక్కడే బోర్లించాడు.

"రెండో పక్క నట్టు కూడా అలాగే పట్టీసుంది" అన్నాడు. "ఆఖరి బస్సుకి ఇంకా టైముంది. పైపు పట్టుకుందువుగాని, రా."